అమ్మ చూసింది, నేను చెప్పాను

మా ముత్తాత కోరుట్ల చుట్టుపక్కల పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత పోలీస్ పటేల్. నాన్న ఒక్క ఊరికి సర్పంచ్. నా వరకు వచ్చేసరికి మిగిలినవి కోరుట్లలోని ఇల్లు, మా మాటకు వేరే సాక్ష్యం అక్కర్లేదన్న నమ్మకం.

ఆ నమ్మకమే నా చేత తప్పు చేయించింది. ఒక మధ్యాహ్నం అమ్మ ఒక్కతే ఉండగా ఇంట్లో వెండి సామాను పోయింది. గోడ దూకుతున్న మనిషి ముఖం అమ్మ చూసింది. సిరిసిల్లలో మరమగ్గం నడిపేవాడు. మగ్గాలు ఆగిన నెలలో కూలికి వచ్చి మా ఇంటి పెంకులు సర్ది పోయాడు. మా ఆడవాళ్లు కోర్టు మెట్లెక్కరు. అందుకని జగిత్యాల కోర్టులో నేనే బోనెక్కి, నా కళ్లతో చూశానన్నాను. నిజానికి ఆ పూట నేను కొండగట్టు గుడిలో ఉన్నాను. అది అబద్ధమని నాకు తోచనేలేదు. అమ్మ చూస్తే ఇల్లు చూసినట్టే అనుకున్నాను.

అతనికి శిక్ష పడింది. నేను ఆ పూట ఇంట్లో లేనన్న సంగతి అప్పీలులో బయటపడింది. ఫిర్యాది మాట నమ్మదగింది కాదని రాసి, చూసిన మనిషినే పిలిచి కేసు మళ్లీ నడపమంది పై కోర్టు. ఈలోగా బెయిలు మీదున్న అతను సిరిసిల్లలో ఒక గొడవలో మనిషిని చంపాడు. యావజ్జీవం పడింది.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. వకీళ్లు కోర్టు బహిష్కరించి గేటు ముందు టెంటులో కూర్చున్నారు. వాయిదాకు పోతే ఇంకో వాయిదా. ఒకనాడు ప్రభుత్వ వకీలు నన్ను పక్కకు పిలిచాడు.

"పటేలా, జైల్ల ఉన్నోన్ని పట్టుకచ్చి మళ్ల జైలుకే పంపుడా? తోలుకచ్చెతందుకు పోలీసోళ్లు ఏడున్నరు? అందరు మా టెంటు సుట్టే ఉన్నరాయె. ప్రజాప్రయోజనం లేదని రాసి కేసు వాపసు తీసుకుంటం. మీరు అభ్యంతరం చెప్పకుంటె చాలు."

"అభ్యంతరం చెప్తాను," అన్నాను. కేసు నడిచి అతనికి మళ్లీ శిక్ష పడాలి, నా మాట గురించి పై కోర్టు రాసిన ఆ ఒక్క వాక్యం చెరిగిపోవాలి. నాకు కావలసింది అదే.

వారం తిరక్కుండా అతని భార్య సిరిసిల్ల నుంచి వచ్చింది. మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే మనిషి. వాకిట్లోనే నిలబడింది.

"గీ కేసు నడుస్తున్నదని పెరోలు ఇస్తలేరు దొరా. మా అత్త మంచంల ఉన్నది, కొడుకును సూడాలె అంటున్నది. ఆయన ఒక్కడే ఉన్నడు, రెండు జైళ్లల్ల ఎట్లుంటడు?"

"దొంగతనం చేసినప్పుడు తల్లి గుర్తుకు రాలేదా?"

"రాలే. తప్పే. మీకు మాత్రం బోనెక్కినప్పుడు దేవుడు గుర్తుకచ్చిండా?"

నాతో ఎవరూ అలా మాట్లాడి ఎరుగరు. పొమ్మనబోయాను. లోపలి నుంచి అమ్మ వచ్చింది.

"ఆడిమనిషిని ఎండల నిలబెడ్తవారా? బిడ్డా, లోపటికి రా." ఆమెకు మంచినీళ్లిచ్చి నా వైపు తిరిగింది. "కోర్టుకు నేను అస్త. వాణ్ని సూసిన అని చెప్త. గని నా కొడుకు సూసిండా అని అడుగుతె ఏం చెప్పాలె నాయినా?"

అతను దొంగ అనడంలో అనుమానం ఎవరికీ లేదు. ఊరికి అతని వల్ల భయమూ లేదు, జైల్లోనే ఉన్నాడు. మిగిలింది నా పరువొక్కటే. ప్రజలంటే మా ఇల్లే అనుకునే అలవాటు మా వంశంలో ఉంది. ఆ లెక్కన నా పరువునే ప్రజాప్రయోజనం అనుకున్నాను. బయట అతను స్వేచ్ఛగా తిరుగుతూ ఉంటే నా నిర్ణయం వేరుగా ఉండేదని ఇప్పటికీ అంటాను.

మరునాడు జగిత్యాల వెళ్లి అభ్యంతరం లేదని కాగితం రాశాను. కింద ఇంకో వాక్యం చేర్చాను: దొంగను చూసింది మా అమ్మ, నేను కాదు. జడ్జి అది చదివి, తలెత్తి ఒకసారి నన్ను చూసి, కేసు మూసేశాడు. అతను పెరోలు మీద వచ్చాడని, తల్లి అతన్ని గుర్తుపట్టిందని తర్వాత విన్నాను.

వాయిదాలకు బస్సులో పోవడం చిన్నతనమని ఉంచుకున్న అంబాసిడర్ కారును ఆ నెలలోనే అమ్మేశాను.