వేడెక్కే బండికి మూడు మూరల బంతి

పిల్లలకు ఉష్ణం పాఠం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది నాకు. బళ్లారి జిల్లా కూరెకుప్పలో సైన్సు మేష్టారిని. పాఠం చెప్పేది కన్నడంలో, కోపమొస్తే తిట్టేది తెలుగులో. వేడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎన్ని విధాలుగా పోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటి నా కారులోంచి వేడి ఏ విధంగానూ బయటికి పోనని మొండికేసింది. ఒక సైన్సు మేష్టారికి ఇంతకు మించిన అవమానం ఉంటుందని నేననుకోను.

కప్పగల్లులో మా ఇంటి నుంచి బడి దాకా రోజూ ఇనుప ఖనిజం లారీల వెనకాలే నా ప్రయాణం. పొద్దున తెల్లగా బయల్దేరిన కారు సాయంత్రానికి ఎర్రగా ఇల్లు చేరుతుంది. నేనూ అంతే. ఆదివారం మాత్రం ఆ కారు నాది కాదు, మా అమ్మది. ఆ రోజు కంప్లిలో ఉన్న మా పెద్దమ్మ దగ్గరికి అమ్మను తీసుకెళ్లాలి. పక్షవాతం వచ్చాక పెద్దమ్మకు మాట పడిపోయింది. ఊ, ఆ అనడం తప్ప రెండేళ్లుగా ఆమె నోట ఎవరూ మరో ముక్క వినలేదు. మనుషులను గుర్తుపడుతోందో లేదో అని ఆ ఇంట్లో వాళ్లకే అనుమానం. అమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. వారం వారం వెళ్లి అక్క తలకు నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసి, ఊరి కబుర్లన్నీ చెవిన వేసి వస్తుంది. అమ్మ మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనివ్వవు. కారు ఉంటేనే ఆమెకు ఆదివారం.

ఒక ఆదివారం కురుగోడు దాటాక వేడి చూపించే ముల్లు ఎర్రగీతను తాకింది. ఆపి బానెట్ ఎత్తితే మొహం మీదికి ఆవిరి. అమ్మ దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, నిలబడ్డ చోటే రోగం తేల్చేసింది.

"దిష్టి తగిలిండాదప్పా. పోయిన అమాసకి బండికి పూజ చెయ్యనీలేదు కదా నువ్వు, దానికే."

మా పక్క అమావాస్యకు బండి పూజ చెయ్యని ఇల్లు అరుదు. సైకిల్ మొదలు టిప్పర్ దాకా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ముందర పూలమాల కట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కిస్తారు. నేను వద్దన్నది ఒకే ఒక్క అమావాస్య. అదీ పరీక్ష పేపర్లు దిద్దే హడావిడిలో. ఆ ఒక్కదాన్నీ అమ్మ గట్టిగా పట్టుకుంది. ఇక అమావాస్యలు చాలవని మంగళవారాలు, శుక్రవారాలు కూడా కలిపేసింది. కారు ముందరి జాలీకి ఈ కొస నుంచి ఆ కొసకు మూడు మూరల బంతిమాల. అది ఎండకముందే దాని మీద ఇంకొకటి. దేవుడి పేరున కట్టిన మాలను మన చేత్తో తెంపకూడదు, అదే రాలిపోవాలి. ఇది మా ఇంటి పద్ధతి.

నా పద్ధతి వేరే. వేడెక్కిన వస్తువును నీళ్లతో చల్లార్చడం శాస్త్రం. కాబట్టి రోజూ సాయంత్రం పైపు పట్టుకుని, జాలీలోంచి లోపలికి పోయేలా జోరుగా నీళ్లు కొట్టేవాణ్ని. అమ్మ పూలు, నా నీళ్లు. ఇద్దరం పోటీపడి వైద్యం చేసేకొద్దీ కారు జ్వరం పెరుగుతూ పోయింది.

బళ్లారిలో ఒక మెకానిక్ కూలెంట్ మార్చాడు. అంతటితో ఆగకుండా థర్మోస్టాట్ కూడా పీకేశాడు. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను ఆపి పెట్టే చిన్న మూత అది.

"మన ఎండలకి ఇదేందికి సార్? చలి దేశమోళ్లకి ఇది" అన్నాడు.

అది ఎందుకు కావాలో అరగంట పాఠం చెప్పాను. చేతులు కట్టుకుని బుద్ధిగా విని, పీకిన మూతను కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. కారు ఎప్పటిలాగే వేడెక్కింది. ఇంకొకడు బానెట్ ఎత్తీ ఎత్తకముందే పెదవి విరిచి, "హెడ్డు ఇప్పల్ల సార్, ఇంజన్ పోయింటాది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ముల్లు ఉంటే నాదీ ఎర్రగీత దాటేదే. ఇంటికొచ్చి, ఈ దరిద్రాన్ని అమ్మిపారేస్తానని ప్రకటించాను. మా బడి డ్రిల్లు మేష్టారు కొనడానికి సిద్ధంగానే ఉన్నాడు.

అమ్మ ఆ శుక్రవారం ఐదు మూరలు కట్టింది.

అప్పటికే రెండు ఆదివారాలు పోయాయి. ఆ రెండు రోజులూ అమ్మ పొద్దున్నే తలంటుకుని, నూనె సీసా సంచిలో పెట్టుకుని, కాసేపు అరుగు మీద కూర్చుని, మళ్లీ సీసా తీసి లోపల పెట్టేసింది. నన్ను ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేది. డ్రిల్లు మేష్టారు వచ్చి చూస్తానన్న రోజు పొద్దున మాత్రం అడిగింది.

"మన రోడ్డు మీద ముసలి సాయిబు ఉండాడు కదా, లారీలు రిపేరు చేసేటాయప్ప. ఆయప్పకి ఒకసారి చూపియ్యి నాయనా. ఇంగ కాదని ఆయప్ప చెప్తే, నేను నోరు మెదపను."

వెళ్లాం. అమ్మ కొత్త మాలతో సహా వెనక సీట్లో కూర్చుంది. సాయిబు రేకుల షెడ్డు ముందు కారు ఆపించి, ఇంజన్ అలాగే తిరగనిమ్మన్నాడు. వాడిన మాలలన్నీ జాగ్రత్తగా విప్పి, కింద పడెయ్యకుండా మేకుకు తగిలించాడు. జాలీ ఊడదీశాడు.

"మేష్ట్రూ, ఒక కాగితం ఉంటే ఇయ్యండి."

సంచిలో మిగిలిపోయిన ప్రశ్నపత్రం ఒకటి ఇచ్చాను. దాన్ని కారు ముందర, జాలీ తీసిన చోట, అరచేత్తో పెట్టి వదిలాడు. అది జారి నా కాళ్ల దగ్గర పడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది.

"ఫ్యాన్ తిరగతానే ఉండాది. గాలి లోపలికి గుంజుకుంటే కాగితం అతుక్కోవల్ల కదా. మీ బండికి ఇంజన్ బాగుండాది మేష్ట్రూ. ముక్కు మూసకపోయిండాది, అంతే."

కింద పడిన కాగితాన్ని వంగి తీసుకున్నాను. ద్రవాలలో, వాయువులలో వేడి ఎలా ప్రసరిస్తుంది, రెండు మార్కులు. నేనే రాసిన ప్రశ్న. నాకు సున్నా వచ్చింది.

ముందర ఏసీ జాలీ, దాని వెనక ఇంజన్ నీళ్లను చల్లార్చే రేడియేటర్ జాలీ. రెంటికీ మధ్య రెండు వేళ్ల సందు. సాయిబు రేడియేటర్ బోల్టులు వదులు చేసి, దాన్ని కాస్త వెనక్కి వంచి, కొక్కెం లాంటి కమ్మీతో ఆ సందులోంచి ఏదో ముద్దను బయటికి లాగాడు. పిడకంత మందాన, ఎర్రగా, గట్టిగా ఉంది. గనుల దుమ్ము, ఎండిన బంతి రేకులు, మాల కట్టిన దారం, అన్నీ నీళ్లతో మెత్తినట్టు అట్టకట్టి ఉన్నాయి. ఆకుపచ్చ దారం. అది అమ్మదే. మిషన్ కుట్టగా మిగిలిన దారంతోనే ఆమె మాలలు కడుతుంది.

ఇంకెప్పుడైనా అయితే ఒంటికాలి మీద లేచేవాణ్ని. వెనక్కి తిరిగి అమ్మను చూశాను. చేతిలో ఉన్న కొత్త మాలను కొంగు చాటుకు తోసేస్తోంది.

సాయిబు మా ఇద్దరినీ ఒక చూపు చూశాడు. "అంతా గనుల దుమ్మే అమ్మా. ఈ రోడ్డు మీద ప్రతి బండికీ ఇదే గోల" అన్నాడు.

"నేనే పైపుతో నీళ్లు కొట్టి దుమ్మును లోపల అట్టకట్టించాను" అన్నాను. అది అబద్ధమేమీ కాదు.

"ముందర నుంచి కొడితే లోపలికే కదప్పా పోయేది? ఇంజన్ పక్క నుంచి మెల్లగా కొట్టల్ల. పిల్లోళ్లకి పాఠం చెప్తారు, ఇది తెలీదా?"

ఆ చీవాట్లు ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేను. అతను వెనక నుంచి నీళ్లు పోసి రెండు జాలీలూ శుభ్రం చేసి, మళ్లీ కాగితం పెట్టాడు. అది ఠపీమని అతుక్కుంది. పీకినా రానంత గట్టిగా. థర్మోస్టాట్ సంగతి విని, "ఎవనప్పా వాడు తీసింది?" అని కోప్పడి, నా సంచిలోని మూతను మళ్లీ బిగించాడు. నా అరగంట పాఠానికి ఒక్కడైనా విలువిచ్చినందుకు అతని చేతులు పట్టుకోబోయాను. ఒకటే గ్రీజు.

డ్రిల్లు మేష్టారికి ఫోన్ చేసి, కారు అమ్మడం లేదని చెప్పాను.

ఆదివారం పొద్దున అమ్మ మాలతో బయటికొచ్చింది. నేను నోరు తెరవబోయేలోపే నన్ను దాటుకుని వెనక్కి వెళ్లి, డిక్కీకి కట్టింది.

"ఈడైతే ఏమీ కాదు కదా?"

"కాదమ్మా."

కంప్లి దాకా ముల్లు మధ్యలోనే నిలబడింది. నేను రోడ్డు కన్నా దాన్నే ఎక్కువ చూశాను. కారు ఆగేసరికి పెద్దమ్మ గడప దగ్గర కుర్చీలో ఉంది. ఒళ్లో దువ్వెన. పోయిన రెండు ఆదివారాలూ ఇట్లే దువ్వెన పట్టుకుని, దీపాలు పెట్టేదాకా లోపలికి రానే లేదని వాళ్ల కోడలు నాతో మెల్లగా చెప్పింది. అమ్మ మోకాళ్లు పట్టుకుంటూ గడప దాకా నడిచింది. పెద్దమ్మ ఆమె మొహంలోకి చూసింది. నోరు ఒక పక్కకు లాగింది.

"రెండు వారాలు... యాడ... పోయింటివే?"

కోడలు చేతిలోని చెంబు వదిలేసింది. రోజులే తెలియవని మేమనుకున్న మనిషి మా ఆదివారాలు లెక్కపెట్టుకుని కూర్చుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ మాత్రం ఏమీ జరగనట్టే మెట్టు మీద కూర్చుని, దువ్వెన అందుకుని, అక్క చెవి దగ్గరికి వంగింది. ఆమె గుసగుస వీధి చివరికి కూడా వినబడుతుంది.

"పూలు ఎక్కువ కట్టి నేనే చెడగొట్టినానక్కా బండిని. వానికి చెప్పద్దు."

పెద్దమ్మ భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోంది. నేను గబగబా బానెట్ ఎత్తి, చూడాల్సిందేమీ లేని చోట చాలాసేపు తల దూర్చి నిలబడ్డాను.