కోటు విప్పని ఇష్బెల్

గ్లాస్గోలో ఏ పబ్బులో రాక్ కచేరీ జరిగినా ఇష్బెల్ అందరికంటే ముందే వెళ్తుంది. పేరున్న బృందం వచ్చేదాకా జనం బయట బీర్లు తాగుతుంటే, ఆమె కోటైనా విప్పకుండా స్పీకరు పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, ఊరూ పేరూ లేని మొదటి బృందం పాటల్లో తేలిపోతుంది. మొన్న నవంబరులో గదిలో ఆమె ఒక్కతే. గిటారు పిల్ల బిక్కమొహం వేసి, "ఎవరూ లేరుగా, ఆపేద్దామా?" అంది తనవాళ్ళతో.

"నేను మనిషిలా కనబడట్లేదా తల్లీ? కానీయ్!" అంది ఇష్బెల్. ఆ పిల్ల నవ్వేసి పాడింది.

ఏడాది మొత్తంలో ఇష్బెల్‌కు తెగ నచ్చిన రికార్డు వాళ్ళదే. ఆదివారం పొద్దున చెల్లెలు మోరాగ్ వచ్చేసరికి పాటలైపోయి, తిరుగుతున్న రికార్డు మీద సూది గరగరలాడుతోంది. ఇష్బెల్ కళ్ళు మూసుకుని చప్పట్లు కొడుతోంది.

"ఇంట్లో కోటేంటక్కా? ఎవరికా చప్పట్లు?"

"ష్! మనం ఆపేస్తే వాళ్ళు ఇంకో పాట పాడరే."