మల్లయ్య మేస్త్రి రాతి ఇల్లు

శాలిబండ మల్లయ్య మేస్త్రి గారు రెండు వారాల క్రితం శుక్రవారం ఉదయం కన్నుమూశారు. ఆయన తమ్ముడు ఎల్లయ్య ఏదో చాయ్ హోటల్ నుంచి మా ఆఫీసుకు ఫోన్ చేశాడు. "మా అన్న పోయిండు సార్. పొద్దుగాల చాయ్ తాగి, గోడకు ఒరిగి కూసున్నోడు గట్లనే పోయిండు" అన్నాడు. రిసీవరు పెట్టేశాక కూడా ఆ కఠోరవార్త నా బుద్ధికి ఎక్కలేదు. అంతకు ముందు ఆదివారమే ఆ ఇంట్లో కూర్చుని జొన్నరొట్టె తిని వచ్చాను. డెబ్బై ఏళ్ళు దాటినా వెన్ను వంగని మనిషి, ఇంతలోనే ఇలా వెళ్ళిపోతారని ఎలా నమ్మను?

ఆయన పత్రికలకు ఎక్కిన వ్యక్తి కాదు. సభల్లో శాలువాలు కప్పించుకున్న వ్యక్తి కాదు. రాతిపని ఆయన వృత్తి, సత్యనిష్ఠ ఆయన స్వభావం. పాతబస్తీలో నూటికి తొంభైమంది పేరైనా ఎరుగని ఈ మహామనిషి గురించి నాలుగు మాటలు రాయవలసిన ఋణం నాకు ఉంది.

ఆయన తాత వెంకయ్య నల్లగొండ వైపు నుంచి కుటుంబంతో నడిచి వచ్చిన రాతిపనివాడు. పాతబస్తీ పత్తర్‌గట్టి బజారులో రాతితో కట్టిన దుకాణాల వరుసలు లేస్తున్న రోజులవి. మల్లయ్య గారు అప్పుడు తల్లి చంకలో ఉన్నారట. ఈనాడు మనుషులు ఒకరినొకరు రాసుకుని నడిచే శాలిబండలోని ఆ గల్లీలో అప్పటికి ఒక్క ఇల్లూ లేదు, బండరాళ్ళూ తుమ్మ కంపా తప్ప. ఆ వాలులో మొదట కాపురం పెట్టింది ఆ కుటుంబమే. నీళ్ళ కోసం వెంకయ్యా, మల్లయ్య గారి తండ్రీ రెండు ఎండాకాలాలు బండను తొలిచి బావి తవ్వారు.

ఇంటికి రాళ్ళెక్కడివి? పత్తర్‌గట్టిలో చెక్కేటప్పుడు అంచు విరిగినవీ, కొలత తప్పినవీ పనికిరావని పక్కన పడేసేవారు. వెంకయ్య గుత్తేదారును అడిగి, ఖాళీగా తిరిగివచ్చే బండ్లలో వాటిని ఇంటికి చేర్చాడు. అందుకే ఆ ఇంటి ముందుగోడ మరే ఇంటి గోడలాగానూ ఉండదు. ఒక రాయి మీద సగం పువ్వు, ఇంకో రాయిలో తెగిపోయిన కమాను వంపు. "పెద్దోళ్ళు వద్దన్న రాళ్ళు మా తాతకు ఇల్లయినయి" అని మేస్త్రి గారు నవ్వుతూ చెప్పేవారు. బావి నీళ్ళు గల్లీ అంతటికీ. నల్లా రాని రోజున హిందువుల బిందెలూ, ముసల్మానుల బిందెలూ ఒకే గిరక కింద వరుస కట్టడం నేను కళ్ళారా చూశాను.

నాకు ఆయనతో పరిచయం శత్రుత్వంతో మొదలు కావలసింది. పదేళ్ళ క్రితం రోడ్డు వెడల్పు పనికి సర్వేయరుగా ఆ గల్లీలోకి వెళ్ళాను. నౌకరీలో చేరి ఆరు నెలలు కాలేదు, ఇంకా పర్మినెంటు కాలేదు. ఎండ మండిపోతోంది. చుట్టూ జనం, లొల్లి. మేస్త్రి గారి ఇంటి దగ్గర గల్లీ మలుపు తిరుగుతుంది. అక్కడ టేపు పట్టి, పన్నెండడుగులు లోపలికి, బావి గట్టు మీదుగా ఎర్రరంగు గీత గీయించాను. అంటే ముందుగోడా, బావీ రెండూ పోతాయి. ఆడవాళ్ళు శాపనార్థాలు పెడుతున్నారు. ఆయన మాత్రం అరుగు మీద నిలబడి టేపు వైపే చూస్తున్నారు.  నేను వెళ్ళేముందు, "మంచినీళ్ళు తాగి పోన్రి సారూ" అని చెంబు అందించారు.

మర్నాడు తెల్లవారేసరికి మలక్‌పేటలో నా గది ముందు ఆయన నిలబడి ఉన్నారు. నా దగ్గర టేపు పట్టిన మనిషిని అడిగి నా సంగతీ, చిరునామా తెలుసుకుని, మొదటి బస్సు పట్టుకుని వచ్చారట.

"సారూ, ఒక్క మాట. మా మలుపు కాడ మీరు మోరి అంచు నుంచి కొలిచిన్రు. తక్కినన్ని ఇండ్లకు రోడ్డు నడుమ నుంచి గదా కొలిచింది?"

 నక్షా తీసి చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, రోడ్డు మధ్య నుంచి కాక మురుగుకాలువ అంచు నుంచి కొలిచాను. పోవలసింది తొమ్మిది అడుగులు, నేను గీసింది పన్నెండు. బావి అసలు రోడ్డులోకి రాదు.

"ఆఫీసుల చెప్పిన్రా?" అని అడిగాను.

"లేదు. ముందుగాల మీకే చెప్పాలనిపిచ్చింది. కొత్త నౌకరి గదా. ఫికర్ చేయకు బిడ్డా, మళ్ళ కొలువు. గాని తప్పు కొలిచిన అని నీ నోటితోనే అందరి ముందట చెప్పు. చెప్తే ఒక్కనాడే సిగ్గయితది. దాస్తే నౌకరి ఉన్నన్ని రోజులు దాస్తనే ఉండాలె."

సారూ అని మొదలుపెట్టి బిడ్డా అని ముగించిన ఆ రెండు నిమిషాలలో నా జీవితం ఒక గండం దాటింది. ఆయన తిన్నగా మా పై అధికారి దగ్గరికి పోయి ఉంటే నా ఉద్యోగం ఆ పూటే పోయేది. నేనే వెళ్ళి ఆ అధికారి ముందు తప్పు ఒప్పుకున్నాను. మాటలు పడ్డాను. అదే గల్లీలో అందరి ఎదుటా మళ్ళీ కొలిచి, పాత గీత చెరిపించి కొత్త గీత గీయించాను. ఆ రోజు టేపు రెండో కొస పట్టుకున్నది మేస్త్రి గారే.

తొమ్మిది అడుగులైనా ముందుగోడ పోవలసిందే. వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసే ఎల్లయ్య కోర్టుకు పోదామన్నాడు. అన్న వద్దన్నారు, గోడ తానే విప్పి వెనక్కి కడతానన్నారు.

"తాత కట్టిన గోడ నీ చేతులతోని ఇప్పుతవా? మనసెట్ల ఒప్పుతుంది?" అని తమ్ముడు నా ముందే నిలదీశాడు.

"మొన్న కాన్పు నొప్పుల మీదున్న పిల్లను తీస్కపోయే రిక్షా గీ మలుపుల ఇరుక్కున్నది. నువ్వు గూడ సూసినవ్. రోడ్డు వద్దనేటందుకు నాకు నోరు రాదు ఎల్లిగా. గోడను కూలగొట్టనియ్య. ఎనుకకు జరుపుత."

ఎల్లయ్య కోపంతో వెళ్ళిపోయాడు. నాలుగు నెలలు ఆ గడప తొక్కలేదు. మేస్త్రి గారు మాత్రం ప్రతి రాయికీ సున్నంతో ఒక గుర్తు పెట్టి, పై వరుస నుంచి ఒక్కొక్కటే దించారు. ఆయన భార్య నర్సమ్మ గారు తట్టలతో పాత సున్నం మోశారు. రాళ్ళెక్కడ పెట్టాలి? ఎదురింటి ఇత్తడి సామాన్ల వ్యాపారి కరీం భాయ్ తన అరుగు ఖాళీ చేయించి, "మేస్త్రీ, పత్థరాఁ మేరే ఘర్ మే రఖో. తుమ్హారే దాదా కే కూఏఁ కా పానీ పీకే బడా హువా మై" అన్నారు. మీ తాత బావి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, రాళ్ళు నా ఇంట్లోనే పెట్టుకో అని. వానాకాలమంతా ఆ తాతగారి గోడ కరీం భాయ్ అరుగు మీద పడుకుంది.

తొమ్మిది అడుగులు వెనక గోడ మళ్ళీ లేచింది. దర్వాజా మీది అడ్డరాయి ఎత్తే రోజున ఎనిమిదిమంది మనుషులు కావాలి, ఏడుగురే దొరికారు. మేస్త్రి గారు ఎవరినీ పిలవలేదు. అంతలో వర్క్‌షాపు నూనె మరకల బట్టలతోనే ఎల్లయ్య వచ్చి నిలబడ్డాడు.

"ఏ దిక్కు పట్టాలె అన్నా?"

"ఎడమ దిక్కు. పైలం, అంచు కోసుకపోతది."

అంతే సంభాషణ. రాయి పైకి లేచి కూర్చుంది. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా చెమట తుడుచుకుంటూ నవ్వారు. అంతటి రాజీ నేను ఏ న్యాయస్థానంలోనూ చూడలేదు.

ఆ తరువాత పదేళ్ళు నా ఆదివారాలు ఆయనవే. సుత్తితో రాయిని తట్టి చెవి పెట్టి వినమనేవారు. మంచి రాయి ఖంగున మోగుతుంది, లోపల పగులున్నది మొద్దుగా పలుకుతుంది. మొదట్లో నాకు రెండూ ఒకటే శబ్దం. "వినంగ వినంగ వస్తది, జల్ది ఏముంది" అనేవారు. ఎవరింట్లో నేల కుంగినా, మెట్టు కదిలినా పిలవకముందే వెళ్ళేవారు. మేస్త్రి బాపు చెయ్యి పడితే మళ్ళీ చూసుకోనక్కర్లేదని గల్లీ అంతటా ఒకటే నమ్మకం. నా తప్పు విషయం ఆయన ఎన్నడూ, ఎవరి దగ్గరా ఎత్తలేదు. నేనే ఒకసారి కృతజ్ఞత చెప్పబోతే, "పాత ముచ్చట ఎందుకు, రొట్టె సల్లారుతుంది తిను" అన్నారు.

పదకొండో రోజున వెళ్ళాను. కొడుకులిద్దరూ సర్కారు ఉద్యోగాలలో ఉన్నారు, యోగ్యులు. ఉలి పట్టడం మాత్రం ఎవరికీ రాదు. మూడు తరాల ఆ విద్య ఆయనతోనే ముగిసింది. మొన్నటి వానకు చూరు కింద ఒక రాయి కొంచెం కదిలింది. ఎల్లయ్య దాన్ని చూపించి, "ఇగ ఎవర్ని పిలవాలె సార్?" అన్నాడు.  ఆయన స్థానం పూరించగల మనిషి ఈ నగరంలో నాకు తెలిసి లేడు.

భోజనాల వేళ నల్లగొండ నుంచి వచ్చిన ఒక వృద్ధబంధువు నన్ను ఎగాదిగా చూసి, "మీరు మల్లయ్యకు ఏమైతరు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, వడ్డిస్తున్న నర్సమ్మ గారు గరిటె ఆపి అన్నారు:

"మా ఇల్లు కూలగొట్టనీకి వచ్చిన సారే. పదేండ్ల సంది మనింటి మనిషి."

విస్తరి ముందు తల వంచి కూర్చున్నాను. ఆ ఇంటివాణ్ణని అనిపించుకునే అర్హత నాకు ప్రసాదించి వెళ్ళిన ఆ పుణ్యమూర్తికి, కన్నీళ్ళతో, కృతజ్ఞతతో నమస్కరిస్తున్నాను.