ముద్ద కోసం చింపిన పంచెలు

మా నార్సింగి అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే గడ్డి కోసే మిషను మొదలవుతుంది. ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునేవాళ్ళు ఆ చప్పుడుకు విసుక్కుని కిటికీలు మూసేసుకుంటారు, నేను మాత్రం మీటింగులో నా మైకు ఆపేసి మరీ కిటికీ తెరుస్తాను. తెగిన పచ్చగడ్డి వాసన మెల్లగా పైకి వచ్చి, ల్యాప్‌టాప్‌నూ, పక్కన చల్లారిపోతున్న టీ కప్పునూ దాటుకుని, నన్ను చందానగర్‌లో మేమున్న పాత ఫ్లాటుకు, ఆ ఫ్లాటులో ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని కూర్చున్న జేజి ఒడికి, ఆ ఒడిలో గడ్డిపరకను ఒక కొస నుంచి లోపలికి లాక్కుంటూ నమిలే ముద్ద దగ్గరికి తీసుకుపోతుంది. జేజి అంటే మా నాన్న వాళ్ళమ్మ. ముద్ద మా గినీ పిగ్.

మాది కడప జిల్లా. నాన్నకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడంతో చందానగర్ మార్కెట్ వెనక సందులో కిరాయికి దిగాం, తాత పోయిన ఏడాదే జేజి కూడా మా దగ్గరికి వచ్చేసింది. పై ఇంటివాళ్ళకు పుణె బదిలీ అయినప్పుడు, సామాను లారీకి ఎక్కిస్తూ, వాళ్ళమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ ఒక పంజరం తెచ్చి నా చేతిలో పెట్టింది. తోక లేదు, మెడ లేదు, చెవులు మాత్రం పూలరేకుల్లా రెండు పక్కలకూ వాలి ఉన్నాయి. జేజి కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, "ఎలకనా, కుందేలునా ఇది? అచ్చం సంగటి ముద్ద మాదిరి ఉండాదే" అంది. ఆ రంగు నిజంగానే అప్పుడే పొయ్యి మీంచి దింపిన రాగిసంగటి రంగు. పేరు కోసం మేము ఇంకెవరినీ అడగలేదు.

అంతకు ముందు నాకు తెలిసిన సాయంత్రాలన్నీ సెల్లారులో లాక్ అండ్ కీ ఆడుకోవడం, మోకాలు గీరుకోవడం, అమ్మ బాల్కనీలోంచి ఎన్నిసార్లు పిలిచినా వినపడనట్టు నటించడం. ముద్ద వచ్చాక నేను ఆట మధ్యలో వదిలేసి పైకి పరుగెత్తేదాన్ని. ఎందుకంటే జేజి మార్కెట్ నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఒక వింత జరిగేది. మెట్ల మీద ప్లాస్టిక్ కవరు గరగరమనడం మాకెవరికీ వినిపించక ముందే ముద్దకు వినిపించేది. ముందుకాళ్ళు పంజరం ఊచల మీద వేసి నిలబడి, ఇంత చిన్న ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాచుకుందో, వీధి చివరిదాకా వినబడేట్టు ఈలలు వేసేది. జేజి చెప్పులు విడుస్తూనే "వచ్చినా, వచ్చినా, ఉండు" అంటూ కూర్చునేది. పాలకూర, తోటకూర, చుక్కకూర కట్టలు విప్పి ఆకు తుంచుతుంటే ఒక ఆకు గిన్నెలోకి, ఒక ఆకు ముద్ద నోట్లోకి. కడుపు నిండాక అది ఉన్నచోటనే గాల్లోకి ఎగిరి, గాల్లోనే నడుం తిప్పి, పెనం మీద పేలిన జొన్నగింజలా కింద పడేది. సంతోషం ఒంట్లో పట్టక అలా ఎగురుతుందని తెలిసిన రోజు నేను అన్నం తినడం మరిచి చూస్తూ కూర్చున్నాను. పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయని, కళ్ళు తెరుచుకునే నిద్రపోతుందని ఒక్కొక్కటే తెలుస్తుంటే, దేవుడు ఇంత చిన్నదాని మీద ఇంత శ్రద్ధ ఎందుకు పెట్టాడా అనిపించేది.

ఉగాదికి జేజి ఓళిగలు చేస్తుంటే ఇల్లంతా బెల్లం, యాలకుల వాసన కమ్ముకునేది, ముద్ద ముక్కు పైకెత్తి ఆ గాలిని వణుకుతూ పీల్చేది. ఎండాకాలం బోరు నీళ్ళు సన్నబడి, బక్కెట్ల అడుగున తెల్లటి సున్నం పొరలు కట్టేది, జేజి దాన్ని చింతపండు పెట్టి తోమేది. ఆ నీళ్ళే మేం తాగేవాళ్ళం, ముద్ద కూడా అవే తాగేది. వినాయక చవితికి మార్కెట్లో గరిక కట్టలు గుట్టలు పోసి అమ్ముతుంటే, దేవుడికి ఒక కట్ట, ముద్దకు రెండు కట్టలు కొనేది జేజి. దేవుడు గరిక తింటాడో లేదో గానీ ఇది తింటుంది గదా అని ఆవిడ లెక్క. ఆ చవితి పండగ మర్నాడే మొదటిసారి ముద్ద ఏడ్చింది.

అది ఈల కాదు. మూల నక్కి, వీపు విల్లులా వంచి, ఒళ్ళంతా బిగబట్టి, సన్నగా తీగలాగా సాగే ఒక అరుపు. కింద పరిచిన న్యూస్‌పేపరు మీద చిన్న తడి, ఆ తడి అంచున ఎర్రటి చార. నేను జేజిని కేకేశాను. జేజి పేపరు తీసి వెలుతురులో పట్టి చూసి, "వేడి చేసిండాది బిడ్డకి" అని తేల్చింది. మా ఇళ్ళలో ఒంటికి ఏమొచ్చినా సగం వేడి కిందికే పోతుంది, దానికి విరుగుడు చలువ. ముద్దకు బార్లీ నీళ్ళు వచ్చాయి, మాడు మీద చుక్క ఆముదం వచ్చింది, అన్నిటికన్నా చలువ అని పాలకూర రెట్టింపయింది. అది ఆ ఆకును అంత ఇష్టంగా తింటుంటే తగ్గిపోతుందనే అందరం నమ్మాం.

తగ్గలేదు. ఇంటి దగ్గర కుక్కల డాక్టరు ఇలాంటిదాన్ని ఎప్పుడూ చూడలేదని చెబుతూనే, పుస్తకం తిరగేసి ఒక మందు రాసిచ్చాడు. కొద్ది రోజుల్లో అరుపు ఆగింది, ముద్ద మళ్ళీ ఎగిరింది, అమ్మ మందు సీసా మూత బిగించి ఫ్రిజ్ వెనక పెట్టేసింది. ఇంగ్లీషు మందులు ఎక్కువైతే మళ్ళీ వేడి చేస్తాయని ఇంట్లో అందరికీ ఒకటే మాట. దసరాకు ఆ అరుపు తిరిగొచ్చింది. మళ్ళీ మందు, మళ్ళీ తగ్గడం, మళ్ళీ ఆపడం, మళ్ళీ చలువ. దీపావళి నాటికి ముద్ద గడ్డం కింద మెత్తటి కండ తగ్గిపోయి ఎముక చేతికి తగలసాగింది, కవరు గరగరమన్నా లేవడం మానేసింది. ఈసారి వస్తే బతకదని నాన్న అమ్మతో మెల్లగా అనడం నేను విన్నాను, విని ఎవరికీ చెప్పకుండా స్కూలు బస్సులో ఏడ్చాను.

నాన్న ఆఫీసులో ఎవరో చెబితే మాదాపూర్‌లో అద్దాల బిల్డింగుల వెనక సందులో ఉన్న ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. కుందేళ్ళు, చిలకలు, ఇలాంటి చిన్న ప్రాణులన్నీ ఆవిడ చూస్తుందట. జేజి ఒడిలో తప్ప ముద్ద కుదురుగా ఉండదు కాబట్టి జేజి కూడా వచ్చింది. ఆవిడ అద్దాల మేడల వంక కన్నెత్తి చూడలేదు, దారంతా కొంగు కప్పిన ముద్ద మీదే చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది, ఎక్స్‌రే తీసింది, గాజు పలక మీద మూత్రపు చుక్క వేసి పరీక్షించింది. ఏం పెడుతున్నారని, మందు ఎలా వాడారని అడిగితే జేజి గర్వంగా అన్నీ చెప్పింది. డాక్టరమ్మ విన్నంతసేపూ నవ్వలేదు, కోప్పడలేదు.

"ఇది వేడి కాదమ్మా, మూత్రంల ఇన్‌ఫెక్షన్. మందు మధ్యల బంద్ చేసిన్రు గదా, అందుకే మళ్ళ మళ్ళ వస్తుంది. పాలకూరల సున్నం ఎక్కువుంటది, మీ బోరు నీళ్ళల్ల గూడ ఉంటది. దీని ఒంట్ల మిగిలిన సున్నమంతా మూత్రంలకే దిగుతది, ఇసుక లెక్క గీరుకపోతది. రాళ్ళు గాలేదు, పరేషాన్ కాకుండ్రి. కానీ ఇట్లనే ఉంటె అయితయి."

ఇక నుంచి గడ్డే అన్నం, ఆకుకూర కొంచెం, అదీ మార్చి మార్చి, రోజూ ఒక క్యాప్సికం ముక్క, వడగట్టిన నీళ్ళు, కింద ఎప్పుడూ పొడి గుడ్డ అని చెప్పింది. క్యాప్సికం ఎందుకని నేనడిగితే, సి విటమిన్ తన ఒంట్లో తాను తయారు చేసుకోలేని జంతువులు కొన్నే ఉన్నాయని, అందులో ఇదొకటి, మనుషులం మనమొకటి అని చెప్పింది. నేను ముద్ద వైపు చూశాను. దానికీ నాకూ ఒంట్లో ఒకే లోటు ఉందంటే ఏదో చుట్టరికం బయటపడినట్టు అనిపించింది. ఇంత నొప్పి ఉంటే రోజంతా ఎందుకు ఏడవదని మళ్ళీ అడిగాను.

"ఇది గద్దలకు, పిల్లులకు తిండయ్యే ప్రాణి బిడ్డా. నొప్పి ఉన్నట్టు కనవడితె పట్టుకపోతయి. అందుకే దాచుకుంటది. ఇగ దాచుకోను చాతగానప్పుడే అరుస్తది."

జేజి ముద్ద వీపు నిమురుతూ, తల ఎత్తకుండా, "మనుషులకు గూడా ఇట్లే మళ్ళీ మళ్ళీ వస్తాదా తల్లీ?" అంది.

"ఎవరికమ్మా?"

"ఊరికే అడిగినా."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "మీకు ఎన్నొద్దుల సంది ఉంది మంట?"

జేజి కొంగు ముద్ద మీదికి లాగుతూ చెప్పింది. "లెక్క పెట్టలేదు తల్లీ. వస్తాది, పోతాది. వేడి అనుకుంటి. నోరులేంది నోరులేంది అంటాం గానీ, ఇదే అరిచింది. నేను అరవలేదు."

అమ్మ జేజి వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. కడప బస్సు ఎక్కాల్సిన రోజు జేజి మధ్యాహ్నం నుంచే నీళ్ళు ముట్టకపోవడం, చుట్టాల ఇళ్ళలో కడుపు పట్టుకుని మూలన కూర్చోవడం, అడిగితే ఏం లేదులే అనడం, అన్నీ మాకు తెలిసినవే, కానీ వాటన్నిటినీ కలిపి చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు. డాక్టరమ్మ మనుషుల దవాఖాన పేరు కూడా అదే చీటీ మీద రాసిచ్చింది.

ఆ వారం మా ఇంట్లో ఇద్దరు రోగులు. ముద్దకు సూది లేని సిరంజితో పెదవి పక్క నుంచి పట్టాలి, జేజికి మాత్రలు. మందు వేడి చేస్తుందని జేజి మొహం తిప్పుకుంటే అమ్మ ముద్దను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టేది. "అది తాగితే నేనూ మింగుతాలే" అనేది జేజి. ముద్ద తల విదిలిస్తూ, గడ్డం మీద కార్చుకుంటూ తాగేది, మాట ఇచ్చాను గదా అని జేజి మింగేది. ఇద్దరికీ బాగున్నట్టు కనిపించినా, సీసా ఖాళీ అయ్యేదాకా అమ్మ ఇద్దరినీ వదల్లేదు.

పొడి గుడ్డ సంగతి వచ్చినప్పుడు జేజి తన ట్రంకు పెట్టె తెరిచింది. అందులో నాఫ్తలీన్ ఉండల మధ్య తాత పంచెలున్నాయి, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన తెల్లటి నూలు. వాటిని ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు, నాన్న అడిగినా ఇవ్వలేదు. ఒకటి తీసి, అంచు పళ్ళతో కొరికి, పర్రున చింపింది. నేను చూస్తుంటే, "మీ తాత ఉండింటే ఆయనే చింపి ఇచ్చింటాడు పాపా" అంది. తెల్లగుడ్డ అయితే ఏ మరకైనా దాగదు. రోజూ పొద్దున్నే ముద్ద కింది గుడ్డ తీసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టి, ఎర్రచార ఉందా అని చూసేది, ఆరిన మరకను వేళ్ళ మధ్య నలిపి సున్నం పొడి తగులుతుందా అని చూసేది, ఏమీ లేకపోతే "సల్లగుండాది" అని నా తల నిమిరేది. ఆ మాట వినకుండా నేను స్కూలుకు కదిలేదాన్ని కాదు.

గడ్డి కోసం ఆదివారాలు నాన్న స్కూటరు మీద నార్సింగి దాకా వచ్చేవాళ్ళం. అప్పుడిక్కడ రాళ్ళ గుట్టలు, మధ్యమధ్య ప్లాట్లు వేసి వదిలేసిన ఖాళీ నేలలు, వాటిలో వానలకు మోకాలెత్తు గడ్డి. కుక్కలు తిరగని చోటు వెతికి కోసి, కడిగి, ఆరబెట్టి మూట కట్టేవాళ్ళం. ఇంటికి వచ్చి మూట విప్పగానే ముద్ద అందులోకి దూరి కనిపించకుండా పోయేది, గడ్డి మాత్రం కదిలేది. పోగొట్టుకున్న ఈలను అది ఆ గడ్డిలోంచే మళ్ళీ వేసిన రోజు అమ్మ వంటింట్లోంచి తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. ఆ తర్వాత కూడా ఆ జబ్బు ఒకటి రెండుసార్లు తొంగి చూసింది, కానీ అరుపుగా మారకముందే జేజి గుడ్డ మీద పట్టుకునేది. తన ఒంటి సంగతి కూడా అప్పటి నుంచి ఆవిడ నోరు తెరిచి చెప్పడం నేర్చుకుంది, చుట్టాలింటి ఆడవాళ్ళను కూడా పక్కకు పిలిచి అడిగేది.

ముద్ద దాని జాతికి నిండైన వయసే బతికి, ఒక వానాకాలం మధ్యాహ్నం జేజి ఒడిలో, గడ్డిపరక సగం నోట్లో ఉండగానే వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు జేజి.

మేం గడ్డి కోసిన నేల మీదే ఇప్పుడు నేనుంటున్న ఈ బిల్డింగు ఉందేమో, గుర్తు పట్టడానికి ఒక్క రాయి కూడా మిగల్లేదు. కింద మిషను కోసే గడ్డికి మందు కొడతారు, ఏ ప్రాణీ తినడానికి పనికిరాదు. నా బీరువాలో మాత్రం తాత పంచె ముక్క ఒకటుంది. గడ్డి వాసన వచ్చిన పొద్దున ఒక్కోసారి దాన్ని తీసి, చేతులు వాటంతటవే నేర్చుకున్న పద్ధతిలో, కిటికీ వెలుతురులో పట్టి చూస్తాను. ఎర్రచార లేదు, సున్నం పొడి లేదు. ఒకప్పుడు ఇలాంటి గుడ్డ కోసమే ఇంటిల్లిపాదీ మొక్కుకున్నాం. ఇప్పుడు దాని మీద అసలు మరకే లేదు, పడుకునే ముద్దా లేదు, సల్లగుండాది అనడానికి నాకు నోరు రాదు.