రేడియేటర్‌లో మజ్జిగ

పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం మా బావ కారు కొన్నాడు. బావ అంటే మా ఆయన అన్న. ఊరు విడిచి సూర్యాపేటలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం అప్పుడు. వెనుకటి దర్జా కాస్తయినా మిగలాలంటే మోటారు ఉండాల్సిందేనని ఆయన నమ్మకం. కోదాడలో ఎవరో వదిలించుకున్న పాత బండిని తెచ్చి వాకిట్లో నిలిపాడు.

"నీళ్లు కొంచెం ఎక్కువ తాగుద్దండి, అంతే" అన్నాడట అమ్మినవాడు. బావ ఆ మాటను మాకు గొప్పగా చెప్పాడు, పాడిగేదె కొన్నట్టు.

పొద్దున రేడియేటర్ నిండా నీళ్లు పోసి బజారుకు వెళ్లి వస్తే సగం ఉండేవి కావు. ఇంజన్ కుతకుత ఉడికేది. "ఎండకు ఆవిరైతున్నయి" అనేవాడు. దిష్టి తగిలిందని ముందు నిమ్మకాయలు కూడా కట్టించాడు. కారు నిలిచిన చోట నేల తడిగా ఉండటం మాత్రం ఆయన కంటికి ఆనలేదు.

ఒకరోజు ఇంజన్ నడుస్తుండగా వంగి చూశాను. రేడియేటర్ అడుగు నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం, ఇనుప పట్టీ బిగించిన దగ్గర పగిలి ఉంది. ఇంజన్ జోరందుకుంటే అక్కడి నుంచి సన్నటి ధార కారుతోంది.

"బావా, కింద గొట్టం పగిలింది. నీళ్లు గాడికెల్లే పోతున్నయి, సూడుండ్రి."

"నువ్వు పొయ్యి కాడ సూసుకో. ఇంజన్ సంగతి నీకేం ఎరుక?"

ఆయనకేం ఎరుకో నేను అడగలేదు.

వారం తిరక్కుండానే ఆడబిడ్డ సంబంధం ఖాయం చేసుకోవడానికి మిర్యాలగూడ బయలుదేరాం. మా ఆయన హైదరాబాదులో ఉన్నందున బావ, అత్త, నేను మాత్రమే. అత్తకు ఎండ పడదని ఒక కుండలో మజ్జిగ పెట్టుకున్నాం. సగం దూరం పోయేసరికి బానెట్ కింద నుంచి పొగలాగా ఆవిరి లేచింది. బావ బండి ఆపి దిగి, వేడి మీదే రేడియేటర్ మూత తిప్పాడు. సలసల కాగే నీళ్లు ఎగజిమ్మి మోచెయ్యి కాలింది. "నిమ్మళంగా సల్లారనియ్యిరా" అని అత్త అంటున్నా వినకుండా, తాగే నీళ్లన్నీ పోశాడు. చాలలేదు. కుండ వైపు చూశాడు.

"అమ్మా, గది ఇటియ్యి."

"ఇది మజ్జిగరా!"

"సగం నీళ్లే గద!"

పోశాడు. ఇంజన్ తిప్పాడు. నేను చూపించిన ఆ గొట్టం దగ్గర నుంచే, దుమ్ములోకి తెల్లటి ధార కారింది. అత్త చూసింది. బావ కూడా చూశాడు. చూసి కూడా, ఎక్కి కారు పోనిచ్చాడు. మాడిన పెరుగు వాసన మొదలైంది. కొంత దూరం పోయాక లోపల ఏదో గట్టిగా కొట్టుకుని, బండి నిలిచిపోయింది.

అటు పోతున్న ఎడ్లబండిని అత్త ఆపింది.

"నువ్వు గీన్నే ఉండు, నీ బండికి కావలి. మేం పోయొస్తం" అంది కొడుకుతో.

మిర్యాలగూడలో ఆ సాయంత్రం మేమిద్దరమే సంబంధం మాట్లాడాం. బావ లేకపోవడంతో పని చకచకా తెమిలింది. ఎండలో కారు పక్కన నిలబడ్డ బావ కోసం నా మనసు ఏ మూలా కలుక్కుమనలేదు.

మర్నాడు ఎడ్లు కారును లాక్కొచ్చాయి. ఇంజన్ పట్టేసిందనీ, దాని పైమూత పగిలిందనీ, ఇక పనికి రాదనీ మెకానిక్ తేల్చాడు. బావ మాత్రం వచ్చినవాళ్లందరికీ కోదాడవాడి మోసాన్నీ, రాచకార్లకు సరిపడని మన తోవల్నీ వివరించేవాడు. మజ్జిగ మాట ఎత్తేవాడు కాడు.

పెళ్లి పనులు మొదలయ్యాక ఒకరోజు, ఈసారి ఇంకా పెద్ద కారు చూస్తున్నానన్నాడు.

"సూడు బిడ్డా, సూడు. ఎక్కెటందుకు మాత్రం మమ్ముల పిలువకు" అంది అత్త, బియ్యం చెరుగుతూ.