గేదె మెయ్యని జిల్లేడు

"ఈ యేడు జిల్లేడుకి పురుగు వచ్చిందా మంగా?" అన్నారు సుభద్ర టీచరుగారు, మంచం మీద నుంచే.

"ఆయ్, వచ్చిందండి" అన్నాను.

ఆవిడతో నా ఆఖరి మాట అదే. ఇంకో మాట నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. వారం తిరక్కుండా ఆవిడ పోయారు. ఈ పొద్దున మోకాలికి కట్టు కడదామని జిల్లేడాకు తుంచితే పాలు వేళ్ళకంటుకున్నాయి. ఆ వెగటు వాసనకి మింగిన మాట మళ్ళీ పైకొచ్చింది. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని మా చెల్లెలి కూతురు పద్మని కూర్చోబెట్టి రాయిస్తున్నాను.

జొన్నాడ అవతల మా ఊరి చివర ఇటుకల బట్టీకి మట్టి తవ్విన పెద్ద గొయ్యి ఉంది. నేనూ మా ఆయనా అక్కడే ఇటుకలు కోశాం. ఆయన పోయాడు, తర్వాత బట్టీ కూడా మూసేశారు. గోతి నిండా జిల్లేడు మొలిచింది. నేను గేదెను అక్కడికే తోలుకెళ్ళేదాన్ని. రిటైరైన టీచరుగారు గొడుగు వేసుకుని, నోటుపుస్తకం పట్టుకుని వచ్చేవారు. ఎండాకాలంలో పొలాలకి నీరు పారే బోదెలన్నీ ఎండినా గోతి అడుగున చెమ్మ ఉండేది. దాని మీద పసుపుపచ్చ సీతాకోకచిలుకలు గుంపుగా వాలి నీళ్ళు పీల్చేవి. గోతి గోడకి బొరియలు చేసుకుని పచ్చపిట్టలు పిల్లల్ని పెంచేవి. అన్నేళ్ళు ఆ మట్టి నెత్తిన మోశాను గాని ఇవేవీ నా కంటపడలేదు.

"లంకెబిందెలు దొరికేయాండి?" అని మొదటిరోజు వేళాకోళమాడాను. "దొరికేయి, రా" అని ఆవిడ ఓ జిల్లేడాకు తిప్పి చూపించారు. చారల గొంగళిపురుగులు, పక్కనే పచ్చ లోలాకులా వేలాడే గూడు, దాని మీద బంగారు చుక్కలు. ఆ రోజు నుంచి నేను చూసి చెప్పడం, ఆవిడ రాసుకోవడం. ఊహించి చెబితే ఒప్పుకునేవారు కాదు. "నీ కన్ను చూసిందే చెప్పు, తోచింది వద్దు" అనేవారు. నేను చెప్పినదాని కింద నా పేరు వేసేవారు. నా మాటని ఒకరు రాసిపెట్టుకోవడం అదే మొదలు.

ఒక వైశాఖంలో కంటి ఆపరేషనుకి ఆవిడ కాకినాడ వెళ్ళారు. అంతకుముందే గోతిలోకి దిగుతూ ఓసారి జారిపడ్డారు. వచ్చేసరికి దారి బాగుచేద్దామని కొడవలి పట్టాను. చేతికి ఊపొచ్చాక కంటికి ఏదీ ఆనదు. దారికి అడ్డొచ్చినవీ నరికాను, అడ్డురానివీ నరికాను. ఎండాక కుప్ప వేస్తుంటే ఆకుల కింద లోలాకులు కనిపించాయి, నల్లబడిపోయి. గబగబా నిప్పంటించేశాను.

టీచరుగారు నల్ల కళ్ళజోడుతో తిన్నగా గోతికే వచ్చారు. కొత్త కంటితో లోలాకులు చూడాలని ఆవిడ ఆశ.

"ఏవైంది మంగా?"

"గేదె మేసేసిందండి."

జిల్లేడు గేదె ముట్టదని చంటిపిల్లలకీ తెలుసు. గేదె కాదు, నరికింది నేను. ఆవిడ బూడిద వంక చూశారు, నా వంక చూశారు. "గేదె మేసింది" అని పైకి అనుకుంటూ రాసి, కింద నా పేరు వేశారు. తిట్టినా బాగుండేది.

తర్వాత జిల్లేడు మోళ్ళ నుంచి మళ్ళీ లేచింది, పురుగులూ వచ్చాయి. ఆవిడ ఎప్పటిలాగే అడిగేవారు, నేను చూసిందే చెప్పేదాన్ని. ఆ ఒక్క ముక్క మాత్రం ఆ పుస్తకంలో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు గేదె లేదు, అడిగేవాళ్ళూ లేరు. అయినా ఎండ ముదరకముందే గోతికి వెళ్ళి చూసొస్తాను. ఎవరితో ఏం చెప్పబోయినా ముందు నాలో నేనే ఆగి, ఇది చూసిందా, తోచిందా అని అడుగుతాను.

ఇందాక పద్మ కలం ఆపి, "ఆ ముక్క వద్దులే పెద్దమ్మా, పోయినావిడకి ఏం తెలుస్తుంది" అంది. రాయమన్నాను. ఏదమ్మా పద్మా, నరికింది నేను అన్నచోటు చదివి వినిపించు.