కొసరు పొడుగు

ఆ రోజుల్లో మా చింతామణి బజారు మొత్తం మీద, ఎదురు డబ్బిచ్చి సొంత కాళ్ళు విరగ్గొట్టించుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట ఇప్పటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. తక్కినవాళ్ళు పేకాటలోనో చీట్లలోనో ఆస్తులు పోగొట్టుకున్నారు. నేను మాత్రం నాయన నా పేరున కొన్న సైటు అమ్మి, బెంగళూరులో ఒక డాక్టరు చేత రెండు మోకాళ్ళ కిందా ఎముకలు కోయించుకుని, మూడంగుళాల పొడుగు కొనుక్కున్నాను. చిక్కబళ్ళాపురం ఇంకా జిల్లా కాలేదు. ఇలాంటి వైద్యం ఒకటుందని మా వైపు చెబితే నమ్మేవాళ్ళు కూడా లేరు. గంప పైనుంచి చూసి చింతపండులో గింజ ఎంతుందో చెప్పగల కిరాణా అంగడి బిడ్డ చేసిన బేరం అది!

నిజానికి పొట్టితనం వల్ల నాకు నష్టం లేదు, లాభమే ఉండేది. బజారులో నన్ను 'పావుశేరు' అనేవాళ్ళు. సరుకులకొచ్చిన ఆడవాళ్ళు "పాపం, పిల్లోడు" అని చెప్పిన ధరకే కొనుక్కుపోయేవాళ్ళు (అప్పటికి నాకు మీసాలొచ్చి చాలా కాలమైంది). ఈ వ్యాపారం సాఫీగా సాగుతుండగా మా మేనత్త బాగేపల్లిలో పాత్రల అంగడివాళ్ళ అమ్మాయిని చూపించింది. కింద అంగడి, పైన ఇల్లు. నన్ను కూర్చోబెట్టి పెద్దలు ఏవో అడుగుతుండగా కింద ఎవరో ఇత్తడి బిందె ధర అడిగారు. అంగట్లో ఉన్న కుర్రాడు తడబడ్డాడు. లోపలి గదిలోంచి ఆ పిల్ల తూకం, కూలి, తరుగు కలిపి ధర గట్టిగా చెప్పేసింది. ఇంకా మొహం చూడలేదు, ఆ గొంతుకే నేను పడిపోయాను. తర్వాత మా ఇద్దర్నీ జోడీ చూద్దామని పక్కపక్కన నిలబెట్టారు. నా తల ఆమె చెవి దాకా వచ్చింది. వాళ్ళ పెదనాయన దగ్గాడు. వారం తిరక్కుండా "జాతకాలు కుదర్లేదు" అని కబురొచ్చింది.

"మనం జాతకం ఇయ్యనే లేదు గదరా!" అంది అత్త.

ఇక చెప్పేదేముంది, పొడుగే కారణమని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

డాక్టరు ఖర్చు చెప్పగానే నాకు పుట్టుబుద్ధి పొడుచుకొచ్చింది. "సార్, రెండు కాళ్ళూ ఒకేసారి మీకే ఇస్తున్నాను గదా, రెండో కాలికి కొంచెం తగ్గించండి" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "ఒక కాలు చాలంటే ఒకటే చేస్తాను" అన్నాడు. ధర తగ్గలేదు. పైసా తగ్గకుండా కొన్న సరుకు మీద కొసరు కూడా రాకపోతే మా వంశానికే తలవంపులు. ఆ కొసరు నేనే వేసుకునే వీలు ఆ వైద్యంలోనే ఉంది. కాళ్ళ చుట్టూ ఇనుప రింగులు, ఎముకలోకి దిగిన కడ్డీలు, వాటికి బోల్టులు. రోజుకు కొన్నిసార్లు చిన్న స్పానరుతో బోల్టులు కొద్దికొద్దిగా తిప్పితే, కోసిన చోట ఎముక కొంచెం ఎడమవుతుంది, ఆ సందులో కొత్త ఎముక పెరుగుతుంది. ఇంటి దగ్గరైతే బజారు బజారంతా వస్తుందని, చిక్కబళ్ళాపురంలో అత్త ఇంట్లో మంచం ఎక్కాను. స్కూటరు మీదనుంచి పడ్డానని అందరికీ చెప్పించాను. అత్త కునుకు తీసినప్పుడల్లా ఒక చుట్టు కొసరు తిప్పుకునేవాణ్ణి. ఎడమ కాలు ముట్టుకుంటే ప్రాణం పోతోంది కాబట్టి కొసరంతా కుడి కాలికే వేశాను.

తర్వాతిసారి డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకెత్తి రెండు కాళ్ళూ స్కేలుతో కొలిచాడు. నా కుడి పాదం వేళ్ళు అప్పటికే తిమ్మిరెక్కి ఉన్నాయి. "ఇది బెల్లం అంగడి కాదయ్యా! నరం తెగితే పాదం వేలాడుతుంది" అన్నాడు. ఎడమ కాలు వచ్చి కలిసేదాకా కుడి కాలి బోల్టులకు సెలవు. ఆ పైన నన్నూ, నా స్పానరునూ అత్త కాపలా కాసింది.

అలాంటి రోజుల్లో, ఊళ్ళో ఎవరిదో పెళ్ళికి వచ్చిన బాగేపల్లి పిల్లా వాళ్ళమ్మా, మర్యాద కోసం నన్ను చూడ్డానికి వచ్చారు. పెద్దవాళ్ళిద్దరూ కాఫీకని వంటింట్లోకి వెళ్ళారు. ఆమె గుమ్మంలో నిలబడి నా కాళ్ళను, బిందె తూకం చూసినట్టు చూసింది.

"బండి యాడ పడింది?"

"గుడిబండె దారిలో."

"రెండు కాళ్ళూ సరిగ్గా ఒకే చోట ఇరిగినాయే! టేపు పెట్టి కొల్చుకోని పడినట్టుండాది."

నేను దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుంటుండగా వంటింట్లోంచి అత్త అరిచింది. "ఒరేయ్, బోల్టు తిప్పుకునే పొద్దాయ! ఎక్కువ తిప్పినావంటే, అంత పొడుగైనాక నీకు పిల్లను యాడ తెచ్చేదిరా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక అడిగింది. "పొడుగుకా ఇదంతా? పొడుగు సాలదని మీకెవురు చెప్పినారు?"

"మీ పెదనాయన దగ్గినాడు గదా..."

"ఆయప్పకు ఆస్తమా! వద్దనింది నేను. మీరు పెండ్లిసూపులకొచ్చిన పొద్దు, మా అంగడి ముందర టెంకాయలవ్వతో అర్ధ రూపాయికి బేరమాడ్తాంటే మిద్దె మీదనుంచి చూస్తాంటి. ఆయమ్మకు కండ్లల్లో నీళ్ళొచ్చినాయి. మీరు గెలిచి, టెంకాయను పందెంలో గెల్చిన కప్పు మాదిరి పట్టుకోని పైకొస్తిరి. ఈయప్ప ఇంట్లో ఉప్పు గూడా తూకమేసి ఇస్తాడనుకున్యా."

"మరి పొడుగు?"

"పొడుగేమిటికి? అటక మీది బిందె దించేదానికి నేనుండాను గదా" అనేసి, అన్నదేమిటో అర్థమై నాలుక కరుచుకుంది. నేను ఇప్పుడేం చెయ్యాలని అడిగాను. "ముందు నడవండి. నడిచినాక మా ఊరికొచ్చి, ఆయవ్వకు అడిగినంత ఇచ్చి ఒక టెంకాయ కొనండి. అంతవరకూ నేనేమీ చెప్పను."

కాళ్ళ రింగులు తీసీ తియ్యగానే ఆ మాట మీద లేచి నిలబడ్డాను. గోడ పట్టుకుని, వాకర్ పట్టుకుని, చివరికి చేతికర్రతో అత్త పెరట్లో పసిపిల్లాడిలా నడక నేర్చుకున్నాను. బాగేపల్లి బస్సెక్కినప్పుడు జీవితంలో మొదటిసారి పైన పట్టుకునే కమ్మీ చేతికందింది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా దాన్ని పట్టుకునే కాసేపు ప్రయాణం చేశాను.

టెంకాయలవ్వ పాత్రల అంగడి ముందరే కూర్చుని ఉంది. ధర అడిగాను. నన్ను గుర్తుపట్టి రెట్టింపు చెప్పింది. నాలుక దురద పుట్టింది, మింగేసి డబ్బు తీశాను. ఆమె చెయ్యి చాపలేదు.

"ఏమప్పా, అడగవా? నువ్వు గీసి బేరమాడ్తావనే గదా జాస్తి చెప్పింటి!"

"ఫరవాలేదవ్వా, తీసుకో."

"అట్లెట్ల తీసుకుందు? నేనేమన్నా దొంగనా? సగానికే ఇస్తా, పట్టు."

"వద్దవ్వా, నీ కాళ్ళు మొక్కుతా, మొత్తం తీసుకో!"

"ఒళ్ళు బాగుండాదా నాయనా? కాళ్ళతో పాటు తలకూ తగిలిందా?"

జనం పోగయ్యారు. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ బేరమాడలేదు, అదీ ఎక్కువ ఇవ్వడానికి. మిద్దె మీదనుంచి నవ్వు వినిపించింది. పెదనాయన దగ్గుకుంటూ మెట్లు దిగి, "లోపలికి రాప్పా, కాఫీ తాగుదువు గానీ" అన్నాడు. అవ్వ గొణుక్కుంటూ డబ్బు తీసుకుంది.

ఇప్పుడు లెక్క చూసుకుంటే, అమ్మిన సైటులో ఎవరిదో మూడంతస్తుల మేడ లేచింది. చలికాలం తెల్లవారుజామున కాళ్ళు సలుపుతాయి. కుడి కాలు ఇప్పటికీ వెంట్రుకవాసి పొడుగు, ఎడమ చెప్పులో అట్ట వేసుకుంటాను. "పాపం, పిల్లోడు" అనే గిరాకీ పూర్తిగా పోయింది. ఇంతా చేసి, మా ఆవిడ ఇప్పటికీ నాకంటే రెండు వేళ్ళు ఎత్తే. అటక మీది బిందె ఆవిడే దించుతుంది, నేను కింద నిలబడి అందుకుంటాను. ఒక్కోసారి బస్సులో ఆ కమ్మీ పట్టుకున్నప్పుడు, మంచం మీద దొంగతనంగా బోల్టు తిప్పుకున్న ఆ వెర్రివాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, వాడి మీద కాస్త ముద్దు కూడా వస్తుంది. అయినా లెక్క లెక్కే. సైటు, నొప్పులు, పోయిన గిరాకీ అన్నీ పొడుగు ఖాతాలోకే పోతాయి. పెళ్ళి ఖాతాలో ఉన్న ఖర్చు ఒక్క టెంకాయ, అదీ అవ్వ అడిగిన ధరకు.